చెవి తాతయ్య గొంతుల అలమరా

డెబ్భై ఒక్కేళ్ళ జీవితంలో చెవి తాతయ్య, ఎవరు చెప్పిందీ ఒక్క మాటైనా వినలేదు. భార్య చెప్పింది వినలేదు, పై అధికారి చెప్పింది వినలేదు, డాక్టరు చెప్పింది అసలే వినలేదు.

ఒక్క మాటైనా అంటే మరీ ఎక్కువ చెప్పినట్టవుతుందేమో. ఆయనకి చెవుడేం లేదు. ఎదురింటి గోడ మీద బల్లి పాకితే వినిపించే చెవులు ఆయనవి. సరే, బల్లి దగ్గర కూడా కొంచెం తగ్గించుకోండి, పిల్లి అనుకుందాం. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఆయనకి శబ్దం వినిపించేది గాని అర్థం వినిపించేది కాదు. మీరు పరుగెత్తుకెళ్ళి "తాతయ్యా, మీ ఇంటికి నిప్పంటుకుంది" అన్నారనుకోండి. ఆయన కళ్ళు మూసుకుని, తల ఓ పక్కకి వాల్చి, "ఆహా, ఆ 'ప్ప' ఎంత గట్టిగా పడింది! పెదాలు బాగా కలిశాయి. ఏదీ, ఇంకోసారి అను" అనేవాడు.

ఒకసారి నిజంగానే అంటుకుంది. పొయ్యి పక్కన మసిగుడ్డ. పిన్ని, అంటే ఆయన భార్య, వాళ్ళుండే భవనంలో అందరికీ పిన్నే, వంటింట్లోంచి కేక పెట్టింది.

"ఏమండోయ్, మంట! మంట!"

"నీ సున్న ముక్కులో ఇరుక్కుందే. జలుబు చేస్తున్నట్టుంది నీకు."

మంట పిన్నే ఆర్పుకుంది. సాయంత్రానికి తుమ్ములు మాత్రం మొదలయ్యాయి. "పూర్తిగా పిచ్చిమనిషైతే నా రాత అనుకుని ఊరుకుందును. సగంసార్లు ఈయన చెప్పింది నిజమవుతుంది, అదీ నా బాధ" అనేది పిన్ని, ముక్కు తుడుచుకుంటూ.

తాతయ్య ముప్పై నాలుగేళ్ళు రేడియో స్టేషన్లో రికార్డింగు ఉద్యోగం చేశాడు. మంత్రుల ఉపన్యాసాలు, పంట తెగుళ్ళ గురించి సలహాలు, వరద హెచ్చరికలు అన్నీ ఆయన చేతుల మీదుగానే గాల్లోకి వెళ్ళాయి. "ఆ రోజు మంత్రిగారు ఏం మాట్లాడారు తాతయ్యా?" అని అడిగితే, "కింది పళ్ళు కట్టుడువి. 'స' అన్నప్పుడల్లా ఈల" అని చెప్పేవాడు. ఆ ఉపన్యాసం దెబ్బకి ప్రభుత్వమే పడిపోయిందట. తాతయ్యకి తెలిసింది ఈల ఒక్కటే.

ఇక అలమరా సంగతి.

పరాయి ఊళ్ళోని ఆ నాలుగంతస్తుల భవనంలో చాలా ఇళ్ళు తెలుగువాళ్ళవి. గుమ్మం లోపల తెలుగు, గుమ్మం దాటి మెట్లు దిగితే ఊరి భాష. పిల్లలు రెండింటి మధ్యా పెరిగేవారు. ఒక్కో శబ్దం ఒక్కో పిల్లకి ఏ నెలలో నోటికి అందుతుంది, ఏ భాషలో ముందు, ఏ భాషలో వెనక, ఇది తెలుసుకోవడం తాతయ్య పిచ్చి. మూడో అంతస్తులో తన ఇంటి చివరి గదికి గోడల నిండా పరుపులు కొట్టించి, మధ్యలో టేపు మిషను పెట్టుకున్నాడు. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి ఇరవై బొమ్మలు చూపిస్తాడు. కాకి, గొడుగు, చేప, రైలు, ఇలా. పిల్ల పేర్లు చెబుతుంది, ఒకసారి తెలుగులో, ఒకసారి ఊరి భాషలో. ఆ తరవాత దాని ఇష్టం, ఏం వాగినా చక్రాలు తిరుగుతూనే ఉంటాయి. తాతయ్య కళ్ళు మూసుకుని పుస్తకంలో గీతలు పెట్టుకుంటాడు. పిల్లలకి ఆ గది ఎంత ఇష్టమో చెప్పలేం. ఏం చెప్పినా తిట్టడు, అమ్మకి చెప్పడు, అసలు వినడే!

పెద్దవాళ్ళకి మాత్రం ఆ గదిలో అడుగుపెడితే ఒళ్ళు జలదరించేది. మాట నోట్లోంచి బయటపడగానే పరుపులు మింగేసేవి. "ఉన్నావా పిన్నీ?" అంటే, ఆ ప్రశ్న మీ గడ్డం దాకా వచ్చి అక్కడే చచ్చిపోయేది. గోడ పొడుగునా నల్ల చెక్క అలమరా. అందులో నూట నలభై మంది పిల్లలు. అంటే, గొంతులు. టేపు చుట్టలు, ఒక్కో అట్టపెట్టెలో ఒక్కోటి. రోజూ సాయంత్రం నాలుగింటికి తాతయ్య వాటిలో ఒకదాన్ని మిషను మీద తిప్పి గాలికి పెట్టేవాడు. ఊరగాయలు ఎండలో పెట్టినట్టే. టేపుని ఏళ్ళ తరబడి చుట్టి ఉంచేస్తే, ఒక పొరలో ఉన్న మాట పక్క పొరకి అంటుకుంటుంది. అప్పుడు మాట రాకముందే దాని నీడ వినిపిస్తుంది. ఎక్కడో నూతి అడుగున ఒక పిల్ల "కాకి…" అన్నట్టు, ఆ తరవాత దగ్గర్లో గట్టిగా "కాకి!" అన్నట్టు.

ఆ పిల్లల్లో కొందరికి ఇప్పుడు బట్టతల. ఒకాయన పోయి కూడా మూడేళ్ళయింది. అలమరాలో మాత్రం ఇంకా నాలుగేళ్ళవాడే, గొడుగుని 'దొదుదు' అనేవాడు.

పరుపు లేని తలుపు సందులోంచి వసారాలోకి వచ్చే ఆ గొంతుల సంగతి తెలియక పక్క వాటాలోకి అద్దెకి దిగినవాళ్ళ పాట్లు చూడాలి. మొదటివాళ్ళు నెల ఉన్నారు. రెండోవాళ్ళు వారం. మూడోవాళ్ళు సామాను దింపుతూ దింపుతూ మళ్ళీ ఎక్కించేశారు. నాలుగో ఆయన నిజంగా చెవిటివాడు. హాయిగా ఉన్నాడు.

దానికి తోడు ఆ భవనంలో ఎవరూ చెయ్యని పనులు జరిగిపోతుండేవి. రెండో అంతస్తు మెట్ల మలుపు ఎప్పుడూ చీకటిగా ఉండేది. ఒకరోజు చూస్తే బల్బు వెలుగుతోంది. ఎవరు వేశారని అందరూ అందర్నీ అడిగారు. ఎవరూ వెయ్యలేదు. అది కాలిపోయినప్పుడల్లా దానంతట అదే మారేది. డాబా మీద నీళ్ళ ట్యాంకుకి ఏళ్ళ నుంచి లేని మూత ఒక ఉదయం వచ్చి కూర్చుంది. "ఇదేదో మంచి దయ్యమేనమ్మా" అని ఆడవాళ్ళు సమాధానపడ్డారు గాని, మూత ఎత్తేముందు మాత్రం గట్టిగా దగ్గేవారు.

ఆ భవనంలోనే పుట్టి, అక్కడే పెరిగి, పెళ్ళయ్యాక కూడా నాలుగో అంతస్తులోనే ఉంటున్న పిల్లని అందరూ రైలమ్మాయి అనేవారు. ఊరి పెద్ద స్టేషన్లో రైళ్ళ రాకపోకలు మైకులో చెప్పే ఉద్యోగం, రెండు భాషల్లోనూ. రైలు పట్టాలు తప్పినా ఆ గొంతు తడబడదు. చిన్నప్పుడు ఆదివారం ఆదివారం చెవి తాతయ్య, అప్పటికి చెవి బాబాయి, తనని స్టేషనుకి లాక్కెళ్ళేవాడు. చక్రాల చప్పుడు రికార్డు చేస్తాడు, వైరు పట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి. "నన్ను వైరు కొయ్యకింద వాడుకున్నాడు" అని ఇప్పటికీ నవ్వుతుంది.

ఆమెకి నాలుగున్నరేళ్ళ కూతురు. పేరు ఏదైతేనేం, పిలుపు పిడుగు. ఇంట్లో రైలమ్మాయి తల్లి కూడా ఉండేది. అంటే పిడుగుకి అమ్మమ్మ. రైలమ్మాయి డ్యూటీకి, ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే పనికి వెళ్ళిపోతే, పిడుగుకి లోకమంతా అమ్మమ్మే. అన్నట్టు, ఆ భవనంలో లిఫ్టు మూడేళ్ళుగా పనిచెయ్యడం లేదు. ఆ సంగతి అల్లుడుగారి ముందు ఎత్తకూడదు.

ఒక బుధవారం బడి నుంచి ఉత్తరం వచ్చింది. ఇరవై బొమ్మలతో పరీక్ష పెట్టారట, పిడుగు పదకొండు తప్పులు పలికిందట. రెండు భాషలతో పిల్ల నోరు గందరగోళపడుతోంది కాబట్టి ఇంట్లో తెలుగు పూర్తిగా మానెయ్యాలి. వచ్చే సోమవారం కాక పై సోమవారం మళ్ళీ చూస్తారు. అప్పటికీ ఇలాగే ఉంటే విడి తరగతిలో వేస్తారు. ఆ విడి తరగతి బడి వెనకాల ఒంటరి గది. అందులోకి వెళ్ళిన పిల్లలు తిరిగి ముందు గదుల్లోకి రావడం ఎవరూ చూడలేదు.

రైలమ్మాయి కూతుర్ని కూర్చోబెట్టింది.

"రైలు అను."

"లైలు."

"లైలా?"

పిడుగుకి కోపమొచ్చింది. "లైలు కాదు! లైలు!"

"నేనూ అదే అంటున్నా, లైలు."

"నువ్వు తప్పు అంటున్నావు! లైలు కాదమ్మా, లైలు!"

రైలమ్మాయి తల పట్టుకుంది. గుమ్మంలో నుంచున్న అమ్మమ్మ ఉత్తరం సంగతి చెప్పించుకుంది.

"అయితే తప్పు నాదేనే. పొద్దస్తమానం దాని చెవిలో తెలుగు పోసేది నేనేగా."

"అది కాదమ్మా…"

"నా మాటలు దాని నోటికి అడ్డమైతే నా నోరు మూసుకుంటాను. పన్నెండు రోజులేగా."

"ఊరి భాషలో మాట్లాడొచ్చుగా?"

"నాకొచ్చినవి నాలుగు మాటలు. ఎంత, వద్దు, ఆపు, దిగాలి. వాటితో మనవరాల్ని పెంచుతానా, బస్సెక్కిస్తానా?"

అన్నట్టే మూసుకుంది. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం అంతకుముందెప్పుడూ లేదు. అమ్మమ్మ అంటే మాట. పాలు పొంగితే పాలతో మాట్లాడేది, తలుపు కిర్రుమంటే తలుపుని తిట్టేది. అలాంటి మనిషి ఇప్పుడు చప్పుడు లేకుండా గదులు దాటేది. పిడుగు బొమ్మలతో ఆడుకుంటూ తలెత్తితే, వెనకాల అమ్మమ్మ. ఎప్పుడొచ్చిందో తెలియదు. నవ్వుతూ ఉండేది, పెదాలు కదిలేవి, మాట వచ్చేది కాదు. అలవాటు కొద్దీ కథ చెప్పబోయి, గుర్తొచ్చి, నోరు గట్టిగా బిగించి, కళ్ళతో నవ్వేది.

మూడు రోజులకి పిడుగు అమ్మమ్మ పక్కన పడుకోనంది. అయిదో రోజుకి అమ్మమ్మ పెట్టిన అన్నం తిననంది. అలిగిందనుకుంది రైలమ్మాయి. ఒక్కటే వింతగా తోచింది. పిల్ల అమ్మమ్మ మొహం చూడటం మానేసి, కాళ్ళకేసే చూస్తోంది. అమ్మమ్మ నడుస్తుంటే బల్లకింద దూరి మరీ చూస్తోంది.

బడి వదిలాక పిడుగు తిన్నగా తాతయ్య గదికే పోయేది. రైలమ్మాయి ఒకరోజు మెట్ల దగ్గర ఆయన్ని ఆపింది.

"బాబాయ్, దాంతో తెలుగు మాట్లాడకు. బడివాళ్ళు వద్దన్నారు. విడి తరగతిలో పడేస్తారట."

తాతయ్య తల పక్కకి వాల్చాడు. "'పడేస్తారట'. ఒకే ఊపులో డ, ర, ట. మూడింటికీ నాలుక మూడు చోట్లకి పరిగెత్తాలి. ఎంత తేలిగ్గా అనేశావు!"

"నేనేం చెబుతున్నానో విన్నావా?"

"విన్నా. డ, ర, ట."

రైలమ్మాయి ఆయన మొహం మీదే తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడు కూడా బాగుందన్నాడని పిన్ని తరవాత చెప్పింది.

శనివారం నాలుగు దాటింది. బయట మబ్బు పట్టి, మెట్ల మీద వెలుతురు బూడిద రంగులో ఉంది. డ్యూటీ దిగి వచ్చిన రైలమ్మాయికి కింద గుమ్మంలోనే పిడుగు ఎదురైంది. చెయ్యి పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టారు. మూడో అంతస్తు వసారాలో ఎవరూ లేరు. చివరి గది తలుపు మూసి ఉంది.

ఆ తలుపు వెనకాల నుంచి, ఎంతో లోతునుంచి, వచ్చీ రానట్టు ఒక నీడ: "లైలు…"

వెంటనే, స్పష్టంగా, పిడుగు గొంతు. "లైలు! లైలు వచ్చిందమ్మా!"

రైలమ్మాయి ఆగిపోయింది. కిందికి చూసింది. పిడుగు చెయ్యి తన చేతిలోనే ఉంది. పిడుగు నోరు మూసుకునే ఉంది.

"లైలు కాదు!" అంది లోపల పిడుగు, కోపంగా. "లైలు!"

బయట పిడుగు మొహం ఎత్తి, ఏమీ వింత లేనట్టు చెప్పింది. "అమ్మా, లోపల నేనున్నాను."

మైకులో ఏనాడూ తడబడని ఆ గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. పిల్లని గట్టిగా పొదివిపట్టుకుంది. లోపల పిడుగు నవ్వింది. బయట పిడుగు కూడా నవ్వింది. రెండూ ఒకే నవ్వు.

తలుపు తెరుచుకుంది. రైలమ్మాయి నోట్లోంచి అప్పటికి వచ్చింది, "హా!" అని.

"ఆహా," అన్నాడు తాతయ్య గుమ్మంలో, కళ్ళు మూసుకుని. "తిన్నగా గుండెల్లోంచి! ఇరవయ్యేళ్ళయింది ఇంత శుభ్రమైన 'హ' విని."

ఆయన భుజం మీంచి పిన్ని తొంగిచూసింది. "అయ్యో, నీ మొహం పాలిపోయిందేమే? భయపడకు తల్లీ. అది నువ్వే."

"నేనేమిటి పిన్నీ?"

"నాలుగున్నరేళ్ళప్పటి నువ్వు. ఇవాళ నీ చుట్ట గాలికి పెట్టాడు."

మిషను మీద చక్రాలు నెమ్మదిగా తిరుగుతున్నాయి. పక్కన అట్టపెట్టె మీద ముప్పై ఏళ్ళ కిందటి తేదీ, కింద "నాలుగో అంతస్తు, పెద్ద కళ్ళ పిల్ల" అని రాసి ఉంది. రైలమ్మాయి పరుపు గోడకి ఆనుకుని కూలబడి విన్నది. టేపులో తన గొంతు వెనకాల ఇంకో గొంతు ఉంది. పకపక నవ్వుతూ, "రైలు అనవే నా బంగారం, రైలు" అంటోంది. వయసులో ఉన్న అమ్మ. పై అంతస్తులో పది రోజులుగా నోరు మూసుకుని తిరుగుతున్న అమ్మ.

ఆ రాత్రి రైలమ్మాయికి నిద్రపట్టలేదు, పట్టకపోయినా కథకి నష్టం లేదు, సోమవారానికి పోదాం.

పొద్దున్న ఎనిమిదింటికి కూతుర్ని తీసుకుని ఆమె మెట్లు దిగుతుంటే మూడో అంతస్తులో తాతయ్య తయారుగా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, బూట్లు, పక్కన పన్నెండు కిలోల టేపు మిషను.

"ఎక్కడికి బాబాయ్?"

"మీ బడి హెడ్మిస్ట్రెస్‌గారి 'ష' భలే ఉంటుందని చెప్పుకుంటారు. దగ్గర్నుంచి విందామని. ఆ పిడి అటు పట్టుకో. ఈ పుస్తకాలు కూడా నీ సంచిలో వేసుకో."

పిడుగు తరగతిలోకి వెళ్ళిపోయింది. హెడ్మిస్ట్రెస్ గదిలో పెద్ద కుర్చీ ఒక్కటే, అది ఆవిడది. వచ్చినవాళ్ళకి పిల్లల కుర్చీలు. తాతయ్య కూర్చుంటే మోకాళ్ళు చెవులకి తగిలాయి. ఆవిడ చెడ్డమనిషి కాదు. కాన్వెంటులో చదివినవాళ్ళకి అలాంటి పంతులమ్మలు బాగా తెలుసు, బెత్తం పట్టుకునేదీ ఆ చెయ్యే, జ్వరమొస్తే నుదురు చూసేదీ ఆ చెయ్యే. పిల్లకి రెండు బరువులెందుకు, ఒకటి దించుదామనే ఆవిడ ఉద్దేశం. అదే విషయం పావుగంట చెప్పింది.

తాతయ్య శ్రద్ధగా విన్నాడు. "ముందు పన్ను ఈమధ్యే కట్టించుకున్నారా?"

ఆవిడ చెయ్యి చటుక్కున నోటికి అడ్డం వెళ్ళింది. "ఎలా తెలుసు?"

"మీ 'ష'లో సందు దొరికి గాలి పారిపోతోంది. నెల్లాళ్ళలో సర్దుకుంటుంది." అంటూనే మిషను మీట నొక్కాడు.

చక్రాలు తిరిగాయి. ముందు నీడ వచ్చింది, తరవాత గొంతు. ఒక చిన్నపిల్ల ఇరవై బొమ్మల పేర్లు ఊరి భాషలో చెప్పింది. హెడ్మిస్ట్రెస్ అలవాటు చొప్పున పెన్సిలు తీసి గీతలు పెట్టుకుంది. అయ్యాక లెక్క చూసి నిట్టూర్చింది.

"పన్నెండు తప్పులు. పాపం, ఈ పిల్ల మీ అమ్మాయి కన్నా వెనకబడి ఉంది. సందేహమే లేదు, విడి తరగతే. ఎవరీ పాప? ఎక్కడుంది?"

"ఆ ఎర్ర కుర్చీలో" అన్నాడు తాతయ్య.

ఎర్ర కుర్చీలో రైలమ్మాయి తప్ప ఎవరూ లేరు. కిటికీ రెక్క గాలికి దానంతట అదే మూసుకుంది. హెడ్మిస్ట్రెస్ ఎర్ర కుర్చీ వైపూ, తిరుగుతున్న చక్రాల వైపూ మార్చి మార్చి చూసింది.

"అనౌన్సు చెయ్యి తల్లీ," అన్నాడు తాతయ్య.

రైలమ్మాయి లేచి నుంచుంది. గొంతు సవరించుకుంది. "ప్రయాణికులకు గమనిక. అయిదు గంటల నలభై నిమిషాలకు బయలుదేరవలసిన లోకల్ రైలు మరికొద్ది సేపట్లో రెండవ నంబరు ప్లాట్‌ఫారం మీదకు రాబోతోంది." తరవాత అదే ఊరి భాషలో. ఒక్క 'ర' కూడా జారలేదు.

ఆమె ముగించేసరికి హెడ్మిస్ట్రెస్ హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్ళిపోయింది. పొద్దున్న తొమ్మిదిన్నరకి. ఎనిమిదేళ్ళుగా రోజూ సాయంత్రం స్టేషన్లో ఆ గొంతు వినే ఆవిడ రైలెక్కి ఇంటికి పరుగెడుతోంది మరి.

గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, మెల్లిగా వచ్చి కూర్చుంది. "ఆ గొంతు… మీరేనా?" టేపు మిషను చూపించి, "అదీ మీరేనా?"

"అదీ నేనే."

"మరి ఈ పన్నెండు తప్పులు?"

తాతయ్య పుస్తకం తెరిచాడు. "పిడుగు పదకొండింటి సంగతి చూడండి. ఏడు తప్పులు కావు. మీ భాషలో 'ట'కి నాలుక పళ్ళ దగ్గర ఆగుతుంది, మాకు పైకి మడత పడుతుంది. పిల్ల మా 'ట' తెచ్చి మీ 'ట' కుర్చీలో కూర్చోబెట్టింది. రెండు ఇళ్ళున్న పిల్ల ఒక ఇంటి చెప్పులతో రెండో ఇంట్లోకి వచ్చింది, అంతే. మిగతా నాలుగూ 'ర'. 'ర' అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చే పెద్దమనిషి. విందుకి పిలిస్తే అందరూ చేతులు కడుక్కున్నాక దిగుతాడు."

"ఎప్పుడు దిగుతాడు?"

"ఈవిడకి ఆరో ఏట దిగాడు. మంగళవారం."

"అందరికీ దిగుతాడా?"

"దిగడు. నా అలమరాలో అయిదుగురికి నిజంగా సాయం కావలసి వచ్చింది. వాళ్ళకి రెండు భాషల్లోనూ ఇబ్బందే. వాళ్ళని నేనే తీసుకెళ్ళి మాటల డాక్టరుకి చూపించాను. అందుకే అంటున్నా, రెండు భాషల్లోనూ పరీక్ష పెట్టండి. కుడికాలు తడబడిందని ఎడమకాలు తీసేస్తారా ఎవరైనా?"

రైలమ్మాయి కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. బాబాయి ప్రశ్నకి జవాబు చెప్పాడు. ఒకటి కాదు, వరసగా మూడు. తాతయ్యకి కూడా ఆ సంగతి తట్టినట్టుంది. గబుక్కున కళ్ళు మూసుకుని, "మీ 'ష' మటుకు చాలా బాగుందండీ" అన్నాడు.

హెడ్మిస్ట్రెస్ ఉత్తరం వెనక్కి తీసుకుంది. రెండు భాషల్లోనూ పరీక్ష పెట్టించి, ఏడాదయ్యాక మళ్ళీ చూద్దామంది. ఈలోగా ఇంట్లో తెలుగు మాట్లాడుకోవచ్చునా అని రైలమ్మాయి అడిగితే, "మాట్లాడుకోండి. ఆ ఇరవై బొమ్మల పేర్లు నాకూ కాస్త నేర్పండి" అంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే.

సాయంత్రం ఇంట్లో ఆ కబురు చెప్పగానే అమ్మమ్మ నోరు తెరిచింది. పన్నెండు రోజుల మాటలు ఒక్కసారి వచ్చాయి. పాలవాడి మీద దాచుకున్న తిట్లు, అల్లుడి లిఫ్టు మీద దాచుకున్న వ్యాఖ్యానం, సగంలో ఆగిన కథ, అన్నీ కలిసిపోయి కథలో రాజుగారు పాలల్లో నీళ్ళు కలిపేదాకా వచ్చింది. బల్ల కింద నుంచి పిడుగు బయటికొచ్చింది. అమ్మమ్మ పాదాలు రెండూ పట్టుకుని, ముందూ వెనకా చూసుకుని, ఎగిరి గంతేసింది.

"అమ్మమ్మ బతికింది! అమ్మా, అమ్మమ్మ బతికింది!"

"చావలేదే నేను!" అంది అమ్మమ్మ, నొచ్చుకుని.

"చచ్చిపోయావు! మాట్లాడలేదు, ఊలికే తిలిగావు. దయ్యమైపోయావు. కాళ్ళు మాత్లం వెనక్కి తిలగలేదు."

రైలమ్మాయి పిల్లని దగ్గరికి లాక్కుంది. ఇన్ని రోజులూ పిల్ల ఈ భయంతోనా పడుకుంది! "మరి నాకు చెప్పలేదేం నాన్నా?"

"తాతయ్యకి చెప్పా."

"తాతయ్య ఏమన్నాడు?"

"నీకు 'ల' ఇంకా లాలేదు అన్నాడు."

రైలమ్మాయి సంచిలో చెయ్యి పెట్టింది. పొద్దుట మోసిన పుస్తకాలు ఇంకా అందులోనే ఉన్నాయి. కొత్త పుస్తకం చివరి పేజీ తెరిచింది. పిడుగు పేరు, శుక్రవారం తేదీ, వరసగా శబ్దాలు, గీతలు. పక్కన చీమలు పాకినట్టు చిన్న అక్షరాలు:

"'ర' లేదు, ఆరుసార్లు. అమ్మమ్మ దయ్యమైందని వణికిపోతోంది. సోమవారం బడికి వెళ్ళాలి. బూట్లు తుడవాలి."

వెనక్కి తిప్పింది. "రెండో అంతస్తు పిల్లాడు. 'క' వచ్చింది. మెట్ల మలుపులో చీకటికి భయం." కింద వేరే సిరాతో, "బల్బు." ఇంకా వెనక్కి. "కవలలు. 'చ' వచ్చింది. ట్యాంకులో మొసలి ఉందట." కింద, "లేదని చూపించాను. మూత."

రెండో పుస్తకం అట్ట ఊడిపోయి ఉంది. పేజీలు పసుపుపచ్చగా మారాయి. పెద్ద కళ్ళ పిల్ల పేజీ దొరికింది. "'ర' బదులు 'ల'. రెండు భాషల్లోనూ. మిగతావి సరి, కంగారు లేదు. రైలు కూత దయ్యం ఏడుపనుకుని చెవులు మూసుకుంటోంది. ఆదివారం స్టేషనుకి తీసుకెళ్ళాలి. ఊరికే రాదు. వైరు పట్టుకోమనాలి."

రైలమ్మాయి పుస్తకాలు పట్టుకుని మెట్లు దిగింది. మూడో అంతస్తులో లేడు. రెండో అంతస్తు మలుపులో దొరికాడు, స్టూలు మీద.

"బాబాయ్! నువ్వు అన్నీ విన్నావు. ముప్పై ఏళ్ళుగా ప్రతి పిల్లా చెప్పిన ప్రతి మాటా విన్నావు. ఇదిగో, నీ చేతిరాత. ఈ భవనంలో దయ్యం నువ్వే. నేనందరికీ చెప్పేస్తాను."

"నీ 'న్న' బాగుంది."

"మాట మార్చకు!"

చెవి తాతయ్య కళ్ళు మూసుకోలేదు, తల పక్కకి వాల్చలేదు. నిక్కచ్చిగా చెప్పాడు.

"ఒక్క ముక్క నిజం లేదు. నేను ఎవరి మాటా ఎప్పుడూ వినలేదు. ఆ చేతిరాత మీ పిన్నిది. స్టేషనుకి వెళ్ళింది చక్రాల చప్పుడు కోసం, బడికి వెళ్ళింది 'ష' కోసం. మొసలి సంగతి నాకు తెలియనే తెలియదు. ఇక బల్బంటావా, ఈ మెట్ల మీద ఏనాడూ బల్బే లేదు" అన్నాడు, కాలిపోయిన బల్బు జేబులో వేసుకుని, కొత్తది బిగిస్తూ.